నలభై ఏళ్ళ కాపురం సామాను: పెద్దవయసులో ఎలా తగ్గించుకోవాలి?

ముప్పై, నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసినవారి సామాను ఎవరూ పనిగట్టుకుని పోగుచేసింది కాదు. పెళ్ళిళ్ళకూ, బారసాలలకూ, గృహప్రవేశాలకూ వచ్చినవి, అత్తమామలు పోయాక పంపకాల్లో చేరినవి, పిల్లలు చదువులకు వెళ్తూ వదిలేసినవి, ఎప్పటికైనా పనికొస్తుందని అటక మీదకు ఎక్కించినవి, అన్నీ కలిసి ఇంటిని నింపేస్తాయి. అరవై అయిదు దాటాక ఆ సామానుతో రెండు ఇబ్బందులు మొదలవుతాయి. ఒకటి, దాన్ని దులిపి, కడిగి, ఎత్తి దించే ఓపిక తగ్గిపోతుంది. రెండోది అంతకన్నా పెద్దది: ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ కాగితం ఎందుకు దాచారో తెలిసినవారు ఆ ఇంట్లో మీరొక్కరే మిగులుతారు. మీ తర్వాత పిల్లలు నాలుగు రోజుల సెలవు మీద వచ్చి ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే, దస్తావేజుకూ పాత కరెంటు బిల్లుకూ తేడా తెలియక రెండింటినీ ఒకే సంచిలో వేస్తారు. అది వాళ్ళ తప్పు కూడా కాదు. అందుకే ఈ పని మీ చేతుల మీదుగా, మీ మాట ప్రకారం, మీకు ఓపిక ఉండగానే జరగాలి. ఏది పారేద్దాం అని అడుగుతూ మొదలుపెడితే పని మొదటి రోజే ఆగిపోతుంది. ఇది ఎవరికి చేరాలి అని అడుగుతూ పోతే సాగుతుంది.

మొదలుపెట్టే ముందు

ఇంట్లో ఇద్దరుంటే ముందు ఇద్దరూ కూర్చుని ఒక విషయం తేల్చుకోండి: ఉన్న ఇంట్లోనే ఉండబోతున్నారా, లేక అపార్టుమెంటుకో పిల్లల దగ్గరికో మారబోతున్నారా? ఉన్నచోటే ఉండేవారికి రోజూ వాడేవి చేతికందే ఎత్తులో ఉండి, మిగిలినవి కాలికి అడ్డం రాకుండా ఉంటే చాలు. మారేవారు మాత్రం కొత్త ఇంటి గదుల కొలతలూ, గుమ్మాల వెడల్పూ ముందే టేపు పెట్టి రాసుకోవాలి, ఎందుకంటే పాత ఇళ్ళలోని టేకు బీరువాలూ పందిరి మంచాలూ చాలా అపార్టుమెంట్ల లిఫ్టుల్లో పట్టవు, మెట్ల మలుపులో తిరగవు. ఒకరి వస్తువుల గురించి ఇంకొకరు తీర్పు చెప్పకూడదన్న నియమం కూడా అప్పుడే పెట్టుకోండి. ఆయన పనిముట్ల పెట్టె సంగతి ఆయనే చూసుకుంటారు, ఆవిడ జాడీల సంగతి ఆవిడే చూసుకుంటారు.

ఒక్క వస్తువునైనా సర్దకముందే, మొదటి రోజున, మంచం నుంచి స్నానాల గదికి రాత్రిపూట మీరు నడిచే దారిని పూర్తిగా ఖాళీ చేయండి. దారిలో ఉన్న పీట, స్టూలు, అంచు లేచిన పట్టా, నేల మీద పాకే కరెంటు వైరు, గోడవారగా పెరిగిన దినపత్రికల కట్టలు, అన్నీ అక్కడి నుంచి కదలాలి. పెద్దవయసులో తుంటి ఎముక విరిగితే మనిషి మళ్ళీ మునుపటిలా నడవడం కష్టం, ఆ పడిపోవడం చాలాసార్లు ఇంట్లోనే, తెలిసిన దారిలోనే జరుగుతుంది. మీరు సామాను తగ్గించడం ఈ ఒక్క దారితో ఆగిపోయినా, ఈ పని వృథా కాలేదనే అంటాను.

కాలం కూడా చూసుకోవాలి. వానల్లో వసారాలోకి తెచ్చిన సామాను తడుస్తుంది, వేసవిలో అటక కింద నిలబడడమే కష్టం. కార్తీకం వెళ్ళాక మొదలుపెట్టి మాఘం దాకా సాగించుకుంటే ఒంటికి హాయి. పొద్దున్న ఫలహారం అయ్యాక గంట, గంటన్నర, అంతకు మించి వద్దు, ఎందుకంటే అలసిపోయిన మనిషి అన్నీ ఉంచేస్తాడు, లేకపోతే అన్నీ ఇచ్చేస్తాడు. పిల్లలు సంక్రాంతికి వచ్చినప్పుడు ఒకేసారి చేసేద్దామని అనుకోకండి. పండుగ రోజుల్లో తొందరగా జరిగే సర్దుబాటులో పెద్దవాళ్ళ మాట వెనకబడిపోతుంది. పిల్లలు వచ్చేసరికి మీ వంతు నిర్ణయాలు అయిపోయి ఉండాలి, వాళ్ళ వంతు మాత్రమే మిగలాలి.

అటక మీది సామాను

అటక మీరు ఎక్కవద్దు. స్టూలు మీద స్టూలు వేసుకుని ఎక్కడం అసలే వద్దు. తెలిసిన కుర్రవాడికి కూలి ఇచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని ఎక్కమనండి, ఎందుకంటే ఏళ్ళ తరబడి కదలని గోనె సంచుల కింద తేళ్ళు, జెర్రులు ఉంటాయి. ఒక రోజున ఒక మూల మాత్రమే దించించండి. నేల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద పెట్టించి, మీరు కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే చూడండి.

ఏ డబ్బానూ, పెట్టెనూ, పరుపునూ, పుస్తకాన్నీ లోపల చూడకుండా ఇంటి గడప దాటనివ్వకండి. మన ఇళ్ళలో ఆడవాళ్ళు పోపుల డబ్బాలోనూ, బియ్యం డబ్బాలోనూ, చీర మడతల్లోనూ డబ్బు దాచుకునేవారు. అలా బయటపడిన నోట్ల గురించి ఒక మాట తెలిసి ఉండాలి. 2016 నవంబరు 8న రద్దయిన పాత 500, 1000 రూపాయల నోట్లు ఇప్పుడు ఎక్కడా మారవు, పైగా 2017లో వచ్చిన చట్టం ప్రకారం అవి పదికి మించి దగ్గర ఉంచుకోవడం నేరం. కాబట్టి ఒకటో రెండో గుర్తుగా ఉంచుకుని మిగిలినవి వదిలించుకోండి. 2023 మే 19న ఉపసంహరించిన 2000 నోటు సంగతి వేరు. దాన్ని రిజర్వు బ్యాంకు హైదరాబాదు కార్యాలయంలో ఇవ్వవచ్చు, లేదా తపాలా ద్వారా పంపి మీ ఖాతాలో జమ చేయించుకోవచ్చు. పాత నాణేలకు లక్షలు ఇస్తామని ఫోన్లో వచ్చే ప్రకటనలను మాత్రం నమ్మకండి. వాళ్ళు ముందుగా రుసుము కట్టమని అడుగుతారు, అంతటితో సరి.

అటక మీది కర్ర సామానులో చెదలు పట్టినది భోగి మంటకు పనికొస్తుంది, అది కూడా రంగూ వార్నీషూ వేయని కర్ర అయితేనే. ప్లైవుడ్డు, ప్లాస్టిక్కు, రెగ్జిను సీట్లు మంటలో వేస్తే వచ్చే పొగ మీ ఊపిరితిత్తులకే ముందు తగులుతుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీలు, మిక్సీలు, ఇన్వర్టరు బ్యాటరీలు చెత్తబండిలో వేయకండి. బ్యాటరీకి కొత్తది కొనేటప్పుడు దుకాణంలోనే వెల కడతారు.

వంటింటి సామాను

వంటింట్లో ముందుగా స్టీలు చూడండి. అందరికీ తెలిసిన సామాను, అందరిళ్ళలో ఎక్కువైన సామాను అదే. ఇద్దరు మనుషులకు ఎన్ని గిన్నెలు కావాలో, నలుగురు చుట్టాలు వస్తే ఎన్ని కంచాలు కావాలో అన్ని పక్కన పెట్టి, మిగిలినవి ఇంట్లో పనిచేసేవారికో, కొత్తగా కాపురం పెట్టిన బంధువులకో మంచి స్థితిలో ఉండగానే ఇచ్చేయండి. పేరంటాల్లో తాంబూలంతోపాటు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలూ, జర్మన్ సిల్వర్ పళ్ళేలూ మళ్ళీ ఇంకొకరికి తాంబూలంలో పెట్టి తిప్పకండి. అలా తిప్పితే ఈ ఇంటి బరువే ఇంకో ఇంటికి చేరుతుంది.

ఇత్తడి, రాగి, కంచు విషయంలో నిదానించండి. వీధిలో కేకవేస్తూ వచ్చే పాత సామాన్ల వ్యాపారి అన్నింటినీ కలిపి ఇత్తడి ధరకు తూకం వేస్తాడు. కంచులో రాగితోపాటు తగరం ఉంటుంది, దానికి ఇత్తడి కన్నా ఎక్కువ వెల పలుకుతుంది. వేలి గణుపుతో కొట్టి చూస్తే కంచు గిన్నె చాలాసేపు మోగుతుంది, ఇత్తడి త్వరగా ఆగిపోతుంది. తూకానికి ఇవ్వదలచుకుంటే మూడింటినీ వేరు చేసి, ఇంట్లోనే ఒకసారి తూచుకుని, బజారులో పాత్రల దుకాణంలో ధర అడిగాకే ఇవ్వండి. ఉంచుకున్న ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పోయి ఉంటే వాటిలో చింతపండు పులుసు కాయకూడదు, పెరుగు తోడు పెట్టకూడదు. కళాయి వేసేవారు దొరికినప్పుడు వేయించుకోవాలి.

తూకానికి ఇచ్చే ముందు ప్రతి పాత్ర మెడనూ, అడుగునూ వెలుతురులో తిప్పి చూడండి. మా అమ్మగారి నీళ్ళ బిందె మెడ చుట్టూ ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. చింతపండుతో తోమిన తర్వాతే అవి చదవడానికి వచ్చాయి: ఇచ్చిన మేనత్త పేరు, పెళ్ళి జరిగిన ఊరు, తేదీ. ఇప్పుడా మేనత్త పేరు కాగితం మీద మరెక్కడా లేదు. అలాంటి పాత్ర బరువును బట్టి పోయేది కాదు, ఆ పేరు ఎవరికి చెందుతుందో ఆ ఇంటికి చేరాలి. గంగాళాలు, పెద్ద గుండిగలు ఊళ్ళో గుడికి అన్నసంతర్పణలకు ఇవ్వవచ్చు కానీ, ముందే అడిగి, వాళ్ళు వాడతామంటేనే ఇవ్వండి. రుబ్బురోలు, తిరగలి కదపడానికే ఇద్దరు మనుషులు కావాలి. పెరడు ఉన్న ఇల్లయితే అవి అక్కడే ఉండడం మేలు.

కాగితాలు

ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసింది కాగితాలకు. మిగతా వస్తువు పోతే వస్తువే పోతుంది, కాగితం పోతే దాని వెనక ఉన్న హక్కు కోసం పిల్లలు ఏళ్ళ తరబడి తిరగవలసి వస్తుంది. బీరువా, ట్రంకు పెట్టె, పూజ సొరుగు, పరుపు కింద, ఎక్కడెక్కడ కాగితాలు ఉన్నాయో అన్నీ ఒకే బల్ల మీదకు తెచ్చి, అప్పుడు మొదలుపెట్టండి.

ఎప్పటికీ పారేయకూడనివి ముందు వేరు చేయండి. ఇంటిదీ పొలానిదీ అసలు దస్తావేజులు, వాటికి ముందరి లింకు దస్తావేజులు, భాగపంపకాల పత్రాలు, ఇంటి ప్లాను అనుమతి, ఇంటిపన్ను రసీదులు, పట్టాదారు పాసు పుస్తకాలు, పింఛను ఉత్తర్వు, పదో తరగతి ధ్రువపత్రం, పోయినవారి మరణ ధ్రువపత్రాలు ఈ కోవలోకి వస్తాయి. తెలంగాణలో 2018లో కొత్త పాసు పుస్తకాలు ఇచ్చారు కాబట్టి పాతవి ఎందుకని కొందరు తీసేస్తున్నారు. అలా చేయకండి, హక్కు ఎలా సంక్రమించిందో చూపే వరుసలో పాత పుస్తకమూ, పొలం ఎవరి సాగులో ఉందో చూపే పాత పహాణీ నకలూ ఉండాలి. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో ఉండి, ఇంట్లో ఎవరికీ చదవడం రాకపోయినా అవి చెత్త కాగితాలు కావు. ఉర్దూ తెలిసిన దస్తావేజు లేఖకుని చేత చదివించి, సారాంశాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాయించి జతచేయండి. అసలు పత్రాలకు లామినేషన్ చేయించవద్దు. గుండుసూదులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయి, వాటిని తీసేసి, నూలు గుడ్డలో చుట్టి, చెమ్మ తగలని చోట పెట్టండి. ప్రతిదానికీ ఫోనులో ఫొటో తీసి ఒక బిడ్డకైనా పంపండి.

రెండో కుప్ప డబ్బుకు సంబంధించినది. పాత షేరు పత్రాలు కనబడితే ఆ కంపెనీ లేదని అనుకుని చింపకండి, చాలా కంపెనీలు పేరు మార్చుకుని, ఇంకొకదానిలో కలిసిపోయి నడుస్తున్నాయి. 2019 ఏప్రిల్ నుంచి కాగితపు షేర్లను అలాగే ఇంకొకరి పేరుకు అమ్మడానికి వీలులేదు, షేర్లను కంప్యూటరు లెక్కగా ఉంచే డీమ్యాట్ ఖాతాలోకి మార్చుకోవాలి. ఏడేళ్ళు వరుసగా డివిడెండు, అంటే కంపెనీ పంచే లాభం, తీసుకోకపోతే షేర్లు కేంద్ర ప్రభుత్వపు మదుపరుల రక్షణ నిధికి వెళ్తాయి, అక్కడి నుంచి దరఖాస్తు చేసి వెనక్కు తెచ్చుకోవచ్చు. అలాగే పదేళ్ళపాటు ఎవరూ కదపని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి చేరతాయి, హక్కు మాత్రం పోదు. 2023లో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఉద్గమ్ అనే వెబ్‌సైటులో ఖాతాదారు పేరుతో వెతికితే ఏ బ్యాంకులో ఉందో తెలుస్తుంది. పాత పాసు పుస్తకం ఒక్కటి దొరికినా ఈ వెతుకులాట సులువవుతుంది. ఉన్న ఖాతాలన్నింటిలో నామినీ పేరు ఉందో లేదో ఈ సందర్భంలోనే చూసుకోండి, చనిపోయినవారి పేరే నామినీగా మిగిలిపోయిన ఖాతాలు ఎన్నో ఉంటాయి.

ఇంటికి తర్వాత చేయించిన కట్టుబడి పనుల రసీదులను పాతవని తీసేయకండి. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఇంటిని అమ్మితే, అమ్మిన లాభం మీద పన్ను లెక్కలో, నిబంధనలకు లోబడి, ఆ తేదీ నాటి విలువను కొన్న ధరగా చూపవచ్చు, ఆ తర్వాత వేసిన పై అంతస్తు ఖర్చును కూడా కలుపుకోవచ్చు. దానికి రసీదులే ఆధారం. కరెంటు, ఫోను బిల్లులు, లేని ఫ్రిజ్జు తాలూకు వారంటీ కార్డులు, ఏటీఎం చీటీలు, ఊరందరి శుభలేఖలు తీసేయవచ్చు. ఆధారు నకళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాడని చెక్కులు మాత్రం ముక్కలుగా చింపాకే బయటకు పంపండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. సామాను సర్దుతున్న ఊపులో, ఇది కూడా తేల్చేద్దామని ఉన్న ఇంటిని బతికుండగానే రాసిచ్చేయకండి. వీలునామా రాస్తే ఇల్లు మీ చివరిదాకా మీదే. దానికి ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయించడం మంచిది. దానపత్రమే రాయక తప్పదనుకుంటే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతును అందులో స్పష్టంగా రాయించండి. ఆ షరతు తప్పితే దానిని రద్దు చేయమని కోరే వీలు 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్లో ఉంది.

బట్టలు

నూలు చీరలు, పంచెలు మెత్తబడినవి బొంతలకు పనికొస్తాయి, మిగిలినవి ఉతికి, మడతపెట్టి, ఎవరికి సరిపోతాయో చూసి ఇవ్వండి. పట్టుచీరల కోసం ఇంటి ముందుకు వచ్చేవారు జరీ కోసమే వస్తారు. పాత చీరల అసలు జరీ వెండి తీగ మీద బంగారు పూత కాబట్టి, చీర చిరిగినా జరీకి వెల ఉంటుంది. రెండు మూడు చోట్ల అడగకుండా ఇవ్వవద్దు. మడతల దగ్గర పట్టు చిట్లిన చీరల అంచులను కొత్త లంగాలకో, జాకెట్లకో వేయించి మనవరాళ్ళకు ఇవ్వవచ్చు. ఇక ప్రతి ఇంట్లో అడుగున ఒక మూట ఉంటుంది, పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కల మూట. వాటిలో నూలువి, పట్టువి ఏరుకుని, మిగిలినవి కుట్టు నేర్పే చోటికి ఇస్తే అక్కడి అమ్మాయిలు వాటి మీదే చేయి తిప్పుకుంటారు.

పుస్తకాలు

మళ్ళీ చదువుతామని నిజంగా అనుకునేవి ఒక అలమరకు సరిపడా ఉంచుకోండి. పోటీ పరీక్షల పుస్తకాలూ, పిల్లల పాత పాఠ్యపుస్తకాలూ కాగితాల కొట్టుకు వెళ్ళాలి, వాటిని గ్రంథాలయాలకు మోసుకెళ్ళి ఇబ్బంది పెట్టకండి. 1924లో మొదలైన సాహిత్య పత్రిక భారతి సంచికలు, 1947 నాటి తొలి చందమామలు, ఊరి చరిత్రలు, స్థానిక కవుల శతకాలు, కులవృత్తుల మీద చిన్న చిన్న ప్రచురణలు మాత్రం తూకానికి వేయవద్దు. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం, హైదరాబాదు సుల్తాన్ బజారులో ఉన్న, 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటివి ఇలాంటి పాతవాటి విలువ తెలిసిన చోట్లు. ముందు ఒక జాబితా రాసి పంపి, వాళ్ళ దగ్గర లేనివి మాత్రమే ఇస్తామని అడగండి. అమ్మదలిస్తే ఆబిడ్స్ ఆదివారం బజారు, విజయవాడ లెనిన్ సెంటర్ ఉండనే ఉన్నాయి. తాటాకుల కట్ట దొరికితే తడిగుడ్డతో తుడవకండి, నూనె రాయకండి, విప్పే ప్రయత్నం కూడా చేయకండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట చూపించండి.

దేవుడి గది

కాలెండరు పటాలు, పగిలిన పటాలు, రంగు పోయిన విగ్రహాలు ఏం చేయాలో తెలియక చాలామంది చెట్టు మొదట్లో పెట్టి వస్తారు. పటానికి చట్రం, అద్దం, మేకులు విడదీసి, కాగితాన్ని మాత్రం బకెట్టు నీళ్ళలో నానబెట్టి చెట్ల పాదుల్లో కలపండి. అద్దం నదిలో వేస్తే స్నానానికి దిగినవారి కాళ్ళు తెగుతాయి. తరతరాలుగా నిత్యార్చన జరిగిన సాలగ్రామాలు, పంచలోహ విగ్రహాలు ఉంటే, పూజ సాగించే వారసుడు ఎవరో అడిగి వారికి మీరే అప్పగించండి. ఎవరూ లేకపోతే మీకు తెలిసిన గుడి అర్చకుల సలహా తీసుకోండి.

ఫొటోలు, ఉత్తరాలు

వీటిని చివరకు ఉంచండి. ముందే తెరిస్తే మిగిలిన పని ఏదీ సాగదు. ఒకే సందర్భానివి పది ఉంటే మొహాలు బాగా కనబడేవి రెండు చాలు. ఉంచినవాటి వెనక పెన్నుతో రాయకుండా పెన్సిలుతో, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఏ ఊరో, ఏ శుభకార్యమో రాయండి. ఫలానావారి రెండో అబ్బాయి అని రాస్తే మనవలకు అర్థం కాదు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయండి. పేరు రాయడం కష్టమైతే, ఫొటో చూస్తూ మీరు చెబుతుంటే మనవరాలిని ఫోనులో మీ గొంతు రికార్డు చేయమనండి. పాత క్యాసెట్లలో ఉన్నవాటిని, అవి బూజు పట్టకముందే కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి, ఇది వాయిదా వేయదగ్గ పని కాదు. ఉత్తరాల్లో ఇతరులు చదవకూడదని మీకు అనిపించేవి ఉంటే నిస్సంకోచంగా తీసేయండి. ఆ హక్కు మీది, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు.

పంచే పద్ధతి

ఒక నోటుపుస్తకం తీసుకుని, ఒక్కో వస్తువు పేరు, అది ఎక్కడిది, ఎవరికి అనే మూడు సంగతులూ మీ చేత్తో రాయండి. పిల్లలను విడివిడిగా కాకుండా అందరినీ ఒకే వీడియో కాల్లో కూర్చోబెట్టి, వస్తువు చూపించి అడగండి, లేకపోతే ఒకరికి చెప్పిన మాట ఇంకొకరికి వేరుగా చేరుతుంది. ఎవరూ అడగని వస్తువును ఎవరి మీదా రుద్దకండి. విదేశాల్లో ఉన్నవారికి విమానంలో అనుమతించేది సాధారణంగా 23 కిలోల పెట్టెలు ఒకటో రెండో, వాళ్ళు కంచు గిన్నె వద్దన్నంత మాత్రాన మిమ్మల్ని వద్దన్నట్టు కాదు. కోడళ్ళకు పుట్టింటివారు పెట్టినవి, మీ దగ్గర దాచినవి ఉంటే వాటిని పంపకంలోకి తీసుకురాకుండా ముందే ఎవరివి వారికి ఇచ్చేయండి. బంగారం తూకం వేయించి, బరువుతో సహా వేరే కాగితం మీద రాయండి. పిల్లలు వదిలివెళ్ళిన పుస్తకాలూ, సైకిళ్ళూ, కప్పులూ ఉంటే, ఫలానా పండుగ లోపల తీసుకువెళ్ళమని, లేకపోతే ఇచ్చేస్తామని చెప్పండి, చెప్పినట్టే చేయండి.

ఇవ్వాలని నిర్ణయించినవాటిలో మీకు ఇప్పుడు అవసరం లేనివన్నీ ఇప్పుడే ఇచ్చేయండి. మీరు చేత్తో ఇచ్చినప్పుడు ఆ వస్తువు కథ కూడా చెప్పి ఇవ్వగలుగుతారు. ఇంకా వాడుకుంటున్నవాటి మీద కాగితపు చీటీ అంటించి పేరు రాస్తే చాలు. పని ముగిశాక నోటుపుస్తకానికి ఒక నకలు తీయించి మీరు నమ్మే బిడ్డకు ఇవ్వండి, అసలుది దస్తావేజుల మూటతోపాటు ఉంచండి. బీరువా తాళాలు, లాకరు తాళం, ఇనప్పెట్టె తాళం ఎక్కడుంటాయో ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాయండి.